ఎలుకల సాక్ష్యం

స్టీలు జగ్గు గోడకు తగిలి, అక్కడినుంచి ఎగిరి పెద్దాయన భార్య భుజానికి తగిలి, మంచం కిందకు దొర్లిపోయింది.

"ఎవరైనా సరే! నా కాలి మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి విరగ్గొడతా!" అని పెద్దాయన అరిచాడు.

ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపిన మనిషి. ఆయన బండికి హారన్ పాడైనా ఫరవాలేదని డిపోలో నవ్వుకునేవారు, గొంతు అలాంటిది. ఇప్పుడు మంచం మీద కూర్చుని, చేతికర్రను రెండు చేతులా పట్టుకుని, కుడికాలు దిండు మీద పెట్టుకున్నాడు. బొటనవేలు బొగ్గులా నల్లబడింది. మడమ పక్కన పుండులోంచి చీము కారి దిండు గలీబు తడిసింది. చీలమండ దగ్గర మొదలైన ఎర్రటి చార నిన్నటికి అక్కడే ఉంది, ఈ ఉదయానికి పిక్క ఎక్కింది.

బూటులో మేకు పైకి తేలి రోజంతా పొడిచినా తెలియని కాలు అది. చక్కెర జబ్బు ఆ కాలిలో నొప్పిని చంపేసి పదేళ్ళయింది.

"నా భుజం సంగతి ఎవరూ అడగరేం?" అంది ఆ ఇంటి అత్తగారు, భుజం రుద్దుకుంటూ. నిజంగానే ఎవరూ అడగలేదు.

"అంబులెన్సు బయట ఆగి ఉంది నాన్నా" అంది కూతురు. పెద్దాసుపత్రిలో నర్సు, యూనిఫాం మీదే వచ్చింది. "మోకాలి కింద వరకు తీసేస్తే బతుకుతారు. డాక్టరుగారు మధ్యాహ్నం లోపల తీసుకురమ్మన్నారు. విషం ఒంట్లోకి పాకాక తీసుకెళ్ళి ఏం లాభం?"

"ఎక్కడికీ తీసుకెళ్ళేది లేదు."

ఆ మాట అన్నది కొడుకు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వెల్డింగు షెడ్డు నుంచి అలాగే వచ్చేశాడు. మోచేతుల దాకా నిప్పురవ్వలు పడిన మచ్చలు, చేతిలో మూరెడు ఇనప కడ్డీ. ఇంట్లో మాట్లాడుకోవడానికి కడ్డీ ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"ఈ మందుతో తొమ్మిది రోజులన్నారు. ఇవాళ ఏడో రోజు. ఇంకో రెండు రోజులు ఆగలేవా?"

"ఆ తొమ్మిది రోజులు ఎలుకలకి అన్నయ్యా!"

"ఎలుకలైతే? వాటికీ సూది వేసి షుగరు తెప్పించారు. వీపు మీద గుండ్రంగా చర్మం కోసి పుండు చేశారు. ఆ పుండులో క్రిముల్ని పోసి చీము పట్టించారు. నాన్న కాలికి ఏముందో వాటి వీపుకీ అదే ఉంది. మీ వదిన వాళ్ళ ల్యాబులో తన చేత్తో ఈ పసుపు మూత మందే పూసింది. తొమ్మిది ఎలుకల్లో ఎనిమిదింటికి మూసుకుపోయింది. కళ్ళారా చూసి చెప్పింది, నీలాగా ఎవరో చెప్పింది మోసుకురాలేదు."

"ఆ కాలు వాసన వీధిలోకొస్తోంది, నీకు తెలియట్లేదా?"

"నాకేం తెలుస్తుంది, పొగ పీల్చి ముక్కు చచ్చిన వెల్డరుని!"

ఆమె అతని చంక కిందుగా దూరి, స్ట్రెచరు మనుషుల్ని పిలవబోయింది. అతను ఒక్క తోపు తోశాడు. నర్సు మొహం తలుపు చెక్కకు కొట్టుకుంది. పెదవి చిట్లి తెల్ల యూనిఫాం మీద రక్తం చుక్కలు పడ్డాయి. ఆమె ఏడవలేదు. వెనక్కి తిరిగి అతని మణికట్టు పట్టుకుని కసిక్కున కొరికింది. చిన్నప్పుడు కూడా ఆ పిల్ల దెబ్బలాటలో పళ్ళకే పని చెప్పేది.

"ఫోను చెయ్యి" అన్నాడు కొడుకు, చెయ్యి విదిలించుకుంటూ. "మీ వదినకి ఫోను చెయ్యి. అందరికీ వినబడేలా పెట్టు. దాని నోటితోనే చెప్పిద్దాం."

ఫోను మోగింది. ఎత్తలేదు. మళ్ళీ మోగింది.

* * *

ఆ ఫోను మోగుతున్నది ల్యాబు జంతువుల గదిలో, కోడలి తెల్లకోటు జేబులో. ఎత్తడానికి ఆమెకు చేతులు ఖాళీ లేవు. ఎడమ చేతిలో ఎలుక. కుడి చేతిలో, ఆ ఎలుక వీపు మీద ఉండవలసిన రింగు.

చొక్కా గుండీ అంత తెల్లటి రబ్బరు రింగు అది. పుండు చుట్టూ పెట్టి ఆరు కుట్లతో చర్మానికి బిగిస్తారు. తొమ్మిదో రోజు లెక్క ఎప్పుడో అయిపోయింది. చివరి పరీక్షకు ముందు కుట్లు విప్పుదామని కత్తెర పెడితే, కత్తెర తగలగానే రింగు దానంతటదే ఊడొచ్చింది.

కుట్లు లేవు. రింగు అడుగున ఎండిన జిగురు ఉంది.

ఆమె రెండో ఎలుకను తీసింది. వేలితో మీటింది. ఊడింది. మూడోది, నాలుగోది, ఎనిమిదోదాకా అంతే. నాలుగోది భయపడి ఆమె బొటనవేలు కొరికింది, చేతితొడుగు చిరిగి రక్తం వచ్చింది. ఆ సంగతి ఆమె చూసుకోలేదు.

"తాతా!"

బోనులు కడిగే ముసలాయన్ని ఆ గదిలో అందరూ బోనుల తాత అనే పిలుస్తారు. గొట్టం వదిలేసి వచ్చాడు. బల్ల మీద వరసగా ఉన్న రింగులు చూశాడు.

"ఈ జిగురు ఎవరు పెట్టారు?"

"కోప్పడరు కదమ్మా?"

"ఎవరు పెట్టారని అడుగుతున్నా!"

"నేనే" అన్నాడు తాత. "పసుపు మూత మందు పూసినవి వణుక్కుంటూ మూల పడుకున్నాయి తల్లీ. మందు మంటేమో అనుకున్నా. తిండి మానేశాయి. ఒక్కోదాన్ని ఒక్కో బోనులో పడేస్తే చలికే చస్తాయని, రెండేసి కలిపాను. ఒకదాన్ని ఒకటి ఆనుకుని పడుకున్నాయి, తిండి తిన్నాయి. సంతోషించాను. తెల్లారి చూస్తే ఒకదాని రింగు ఇంకోటి కొరికి పారేసింది. మీరొచ్చేసరికి మళ్ళీ అతికించేవాణ్ణి. రోజూ అదే పని."

"ఎన్నాళ్ళు?"

"మొదటి రాత్రి నుంచీ."

ఆమె రెండు చేతులతో తాత చొక్కా పట్టుకుంది. ముసలాయన్ని గోడకు నెట్టింది. ఖాళీ బోనుల దొంతర కూలి గదంతా మోత మోగింది, వందల ఎలుకలు ఒక్కసారి కీచుమన్నాయి.

"అందరం చెబుతూనే ఉన్నాం కదా! ఒక్కోదాన్ని విడిగా ఉంచమని గోడ మీద రాసి అంటించాం కదా! ఎందుకు కలిపావ్?"

"జాలేసిందమ్మా."

ఆ మాటకు ఆమె చొక్కా వదిలేసింది. కొట్టడానికి కూడా వీల్లేని జవాబు అది. పైగా తప్పు ఆ ముసలివాడొక్కడిదేనా? రోజూ రింగు లోపల పుండు ఎంత ఉందో గీత గీసుకుంది తను. సంబరంగా గీసుకుంది. ఆ రింగును కుట్లు పట్టుకున్నాయో లేదో ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు వేలితో తాకి చూడలేదు.

తొమ్మిది ఎలుకలు. నాలుగు జతలు కాగా ఒకటి మిగిలింది. దాన్ని తాత కలపలేదు, దానికి జోడు దొరకలేదు. ఆ ఒక్కదాని పుండే మానలేదు. మొండిఘటం అని పేరు పెట్టి, లెక్కలో పక్కన పెట్టేశారు.

ఆమె ఆ బోను లాగింది. మొండిఘటం వీపు మీద ఆరు కుట్లూ ఉన్నాయి. రింగు గట్టిగా ఉంది. లోపల పుండు మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంది, అడుగంతా పచ్చటి చీము. ఇన్నాళ్ళూ పసుపు మూత మందు పూసిన పుండు అది.

మామగారి మడమ కూడా ఇలాగే ఉందని ఆమెకు రెండు రోజులుగా తెలుసు. తెలిసి కూడా, ఇంకా తొమ్మిదో రోజు రాలేదు కదా అని మనసుకు నచ్చజెప్పుకుంది.

ఫోను మూడోసారి మోగింది. ఎత్తింది.

"చెప్పు" అన్నాడు భర్త, అవతలినుంచి. "అందరూ వింటున్నారు. తొమ్మిది రోజులే కదా?"

"ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

"ఏంటి?"

"ఆ మందు పని చెయ్యదు. నేను పొరపాటు పడ్డాను. మామయ్యని ఇప్పుడే తీసుకెళ్ళండి, నేను బయల్దేరుతున్నా."

అటువైపు ఏదో పగిలిన చప్పుడు వచ్చి ఫోను ఆగిపోయింది.

* * *

ఆమె ఇల్లు చేరేసరికి వరండాలో స్ట్రెచరు నిలబెట్టి ఉంది, దాని పక్కన ఇద్దరు మనుషులు చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నారు. పెద్దాయన గదికి లోపలినుంచి గడియ పడింది. అత్తగారు తలుపుకు చెవి ఆనించి కూర్చుంది. నర్సు నేల మీద ముక్కలైన తన ఫోనును ఏరుకుంటోంది.

"లోపల ఇద్దరే ఉన్నారు వదినా. అన్నయ్య ఎవర్నీ రానివ్వట్లేదు."

"నేను, తలుపు తియ్యండి" అంది కోడలు.

గడియ తీసిన చప్పుడైంది. ఒక చెయ్యి ఆమె జబ్బ పట్టుకుని లోపలికి లాగింది. మళ్ళీ గడియ పడింది.

"నా చెల్లెలు నీకేం నూరిపోసింది?" అన్నాడు భర్త.

"ఎవరూ ఏమీ నూరిపోయలేదు."

"మరి నిన్నటిదాకా పనిచేసిన మందు ఇవాళ ఎలా చెడింది?"

"ఎప్పుడూ పని చెయ్యలేదు. పనిచేసిందని నేను అనుకున్నాను."

అతను కడ్డీ విసిరాడు. ఆమె మీదకు విసిరాడో, గోడ అద్దం మీదకు విసిరాడో అతనికే తెలియదు. అద్దం భళ్ళున బద్దలైంది. ఒక పెంకు వచ్చి ఆమె నుదుటిని చీరింది. కనుబొమ్మ మీదుగా రక్తం కారి కంట్లో పడింది. అతను ఒక అడుగు ముందుకు వేసి, ఆమె మొహం చూసి, ఆగిపోయాడు. వంగి కడ్డీ మాత్రం తీసుకున్నాడు.

"ఆగరా, వెధవా" అన్నాడు పెద్దాయన. "చెప్పనీ. అమ్మాయ్, ఇటు రా. మూసుకుపోయాయి అన్నావు. ఎనిమిదింటికి మూసుకుపోయాయి అన్నావు. అబద్ధమా?"

"మూసుకుపోవడం నిజమే మామయ్యా. మందు వల్ల కాదు."

"మరి?"

ఆమె కంట్లో రక్తం చేత్తో తుడుచుకుని మంచం పక్కన కూర్చుంది. ఆ వాసన మొహానికి కొట్టింది.

"ఎలుక చర్మం ఒంటికి అంటుకుని ఉండదు. వదులు చొక్కాలా జారుతూ ఉంటుంది. వీపు మీద పట్టుకుంటే గుప్పెడు వస్తుంది. అందుకని దానికి పుండు పడితే, సంచీ మూతి తాడు లాగినట్టు చుట్టూ ఉన్న చర్మం దగ్గరికొచ్చి మూసుకుపోతుంది. అది మానడం కాదు. మనిషికి అలా జరగదు. మనకి పుండు మానాలంటే అడుగునుంచి కొత్త కండ రావాలి. అందుకే ఎలుకకి రింగు కుడతాం, చర్మం జారకుండా. మనిషిలాగా మానుతుందో లేదో చూడటానికి. ఆ రింగులు ఊడిపోయాయి. నేను చూసుకోలేదు."

"నాకేం అర్థం కాలా."

"మీ కాలి మీద చర్మం పట్టుకుని లాగండి."

పెద్దాయన ఆమె వైపు అనుమానంగా చూశాడు. కర్ర పక్కన పెట్టి ముందుకు వంగాడు. పుండుకు బెత్తెడు దూరంలో, అరికాలి అంచున రెండు వేళ్ళతో గిల్లి లాగాడు. రాలేదు. ఇంకొంచెం దగ్గరగా గిల్లాడు. చర్మం బిర్రుగా ఉంది, గోళ్ళు జారిపోయాయి. మూడోసారి పుండు అంచునే పట్టుకున్నాడు. చీము వేళ్ళకు అంటుకుంది. గోళ్ళు దిగినా కాలికి ఏమీ తెలియలేదు. ఆయన వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు.

"ఏడు రోజులు నువ్వే కూర్చుని పూశావు" అన్నాడు.

"పూశాను."

"నమ్మే పూశావా?"

"నమ్మే పూశాను మామయ్యా. ఇప్పుడు నా చేతులు నేనే నరుక్కోవాలనిపిస్తోంది."

"నరుక్కుంటే ఎవరికి లాభం?" అన్నాడు ఆయన. ఆ గొంతులో ఇందాకటి కేక లేదు. "ఒరేయ్. తలుపు తియ్యి."

కొడుకు కదలలేదు. తలుపుకు వీపు ఆనించి, కడ్డీ గుండెకు అడ్డంగా పట్టుకున్నాడు.

"తియ్యను."

"తియ్యరా!"

"మీరే కదా నాన్నా నా చేత ఒట్టు వేయించుకుంది? కోతకి ఇస్తే నువ్వు నా కొడుకువి కాదు అన్నారు కదా? చిన్నప్పట్నుంచి ఏం చేసినా కొట్టారు. చదవలేదని కొట్టారు, వెల్డింగులో చేరితే కొట్టారు. ఒక్క మాట మీద నిలబడదామంటే ఇప్పుడూ..." కడ్డీ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "ఇంకో రెండు రోజులు. రెండే రెండు."

పెద్దాయన కర్ర అందుకున్నాడు. మంచం మీదనుంచే ఎత్తి కొట్టాడు. భుజం మీద పడింది. కొడుకు కళ్ళు మూసుకున్నాడు గాని పక్కకు జరగలేదు. రెండో దెబ్బ మోచేతి మీద పడింది, కడ్డీ చేతిలోంచి జారి నేల మీద మోగింది. మూడోది చెవి మీద. చెవి చీలి మెడ మీదకు రక్తం కారింది. తలుపు అవతల అత్తగారు గుండెలు బాదుకుంటూ అరుస్తోంది.

"మామయ్యా, వద్దు!" అని కోడలు కర్రకు అడ్డం పడింది. నాలుగో దెబ్బ ఆమె ముంజేతి మీద పడి కర్ర రెండు ముక్కలైంది.

కాలు తాకితే చెయ్యి విరగ్గొడతానన్న మనిషి, ఆ కాలు తీయించుకోవడానికి కొడుకును చావగొడుతున్నాడు. ఈ ఇంట్లో ప్రేమ ఎప్పుడూ ఇంతే, దెబ్బ లేకుండా ఒక్కరికీ చెప్పడం రాదు.

కర్ర లేకపోయేసరికి ఆయన లేచి నిలబడ్డాడు. రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు. కుళ్ళిన పాదం నేల మీద ఆనగానే పుండు నొక్కుకుని చీము, రక్తం కలిసి బయటికి చిమ్మాయి. ఆయనకు నొప్పి లేదు. అది చూడలేకపోయింది కొడుకే. ఒక్క ఉదుటున వచ్చి తండ్రిని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"దించకు" అన్నాడు పెద్దాయన అతని మెడ పట్టుకుని. "అలాగే బండి దాకా పద."

కోడలు గడియ తీసింది.

* * *

అంబులెన్సులో తండ్రి పక్కన నర్సు, కాళ్ళ దగ్గర కోడలు కూర్చున్నారు. కొడుకు చెవికి తువ్వాలు అదుముకుని డ్రైవరు పక్కన ఎక్కాడు.

"గేరు మార్చడం రాదు ఈ డ్రైవరుకి" అన్నాడు పెద్దాయన పడుకునే.

నర్సు తండ్రి పంచె పైకి తీసి, పిక్క మీద రెండు వేళ్ళతో నొక్కింది. చర్మం కింద చేరిన విషపు గాలి పేలాలు నలిగినట్టు చిటచిటమంది. మోకాలి మీద నొక్కింది. అక్కడా అదే చప్పుడు. మోకాలికి బెత్తెడు పైన నొక్కి, చెయ్యి తీసేసింది. త్వరగా పొమ్మని డ్రైవరు వెనక రేకు మీద దబదబా బాదింది.

"పొద్దున మోకాలి కింద అన్నారు" అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు ఎంత?"

"పైన నాన్నా."

"ఎంత పైన?"

నర్సు చేత్తో చూపించింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. కోడలి వైపు చూశాడు:

"అమ్మాయ్. ఈ తొమ్మిది రోజుల కథ ఇంకెవరికి చెప్పావ్?"

కోడలు తలెత్తింది. "మా పెద్దసారుకి. కాగితం మీద రాసిచ్చాను."

"ఆయనేం చేశాడు?"

"ఇవాళ మూడింటికి మీటింగు పెట్టారు. మనుషుల మీద మొదలుపెట్టడానికి అనుమతి ఇస్తారు."

"నా మీద ముందే మొదలుపెట్టావుగా" అన్నాడు. తర్వాత అడిగాడు: "ఎంతమంది?"

"ముందు ముప్పై మంది. కాలు తియ్యాలని డాక్టర్లు రాసినవాళ్ళే అందరూ. ఆపరేషను ఆపి ఇది పూసి చూద్దామని..."

"టైమెంత?"

"రెండూ ఇరవై."

"బండి ఆపమను."

"నాన్నా, ఆపడానికి లేదు, ఒక్కో నిమిషం..." అని నర్సు మొదలుపెట్టింది. ఆయన ఎడమ కాలితో రేకును తన్నాడు. ఇంకోసారి తన్నాడు. బండి కీచుమని ఆగింది.

"దిగు" అన్నాడు కోడలితో.

"మీ ఆపరేషను అయ్యేదాకా నేను అక్కడే ఉంటాను మామయ్యా."

"నా కాలు కొయ్యడానికి నువ్వెందుకు? కోసేవాడు వేరే ఉన్నాడు. దిగు!" ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి తలుపు వైపు తోశాడు. "నా ఒక్కడికి చెప్పి చేతులు దులుపుకుంటావా? పో, పోయి వాళ్ళకి చెప్పు."

నర్సు దూది తీసి వదిన నుదుటి మీద పెట్టబోయింది.

"తుడవకు" అన్నాడు ఆయన. "అలాగే పోనీ. కాస్త భయపడి వింటారు."

ఆమె రోడ్డు మధ్యలో దిగింది. తలుపు పడింది, బండి వెళ్ళిపోయింది. అటూ ఇటూ వాహనాలు ఆమెను తప్పించుకుని తిట్టుకుంటూ పోతున్నాయి. జేబులోంచి ఫోను తీసింది. పెద్దసారుకు చేద్దామనుకునేలోపు ఆయనే చేశాడు.

"ఎక్కడున్నావమ్మా? నీకోసమే చూస్తున్నాం" అన్నాడు పెద్దసారు. వెనక ఎవరో నవ్వుతున్నారు, కప్పుల చప్పుడు వినబడుతోంది. "మీటింగు ముందుకి జరిపాం. అందరూ ఒప్పుకున్నారు."

"సార్, ఒక్క నిమిషం, నా మాట..."

"నీ కాగితం చూశాక మాటలెందుకమ్మా? జాబితాలో మొదటి పేరు ఒకావిడది. కాలు తియ్యడానికి మత్తు ఇవ్వబోతున్నారు. మన మందే పూద్దామని ఆపరేషను బల్ల మీదనుంచి ఇప్పుడే దింపించాను."